చేయి కడుక్కున్నాక చెప్పిన కబురు

మొన్న కార్తీకంలో మా చుట్టాలంతా కలిసి కడియంలో ఒక నర్సరీలో వనభోజనాలు పెట్టుకున్నారు. నల్ల ప్లాస్టిక్ సంచుల్లో వరసగా నిలబెట్టిన ఉసిరి మొక్కలు, వాటి పక్కన షామియానా, దాని కింద బల్లలు. పులిహోర అయ్యి కందబచ్చలి కూర వడ్డిస్తుండగా అందరి జేబుల్లోనూ ఒక్కసారే ఫోన్లు మోగాయి. దేశంలో ఎక్కడో ఏదో ఘోరం జరిగింది. ఎడం చేత్తో ఫోను పట్టుకుని, కుడి చేతిలో ముద్ద అలాగే ఉంచుకుని, ఒకరి ఫోను ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. సగం విస్తళ్లలో అన్నం చల్లారిపోయింది. నా జేబులోదీ మోగింది. నేను తియ్యలేదు.

పక్కన కూర్చున్న మనవరాలు వింతగా చూసింది. "అదేంటి తాతయ్యా, అన్నేళ్లు పేపర్లో పనిచేశారు, చూడరేంటి?"

"చేయి కడుక్కున్నాక చూస్తానమ్మా," అన్నాను.

దానికి అది చాదస్తంగా తోచి ఉంటుంది. ఆ చాదస్తం నాకు ఒక వంటాయన దగ్గర అబ్బింది. అప్పుడు నేను పదో తరగతి.

మా ఊరు గోదావరి గట్టు కింద ఉండేది. గట్టెక్కితే రేవు, రేవు దాటితే ఏటి మధ్య లంక. లంకలో కొబ్బరి తోటలు, అరటి, కూరగాయల మళ్లు, నాలుగైదు తాటాకు ఇళ్లు. ఏటా కార్తీకంలో మా హైస్కూలు వనభోజనాలు అక్కడే. అంతకు ముందు ఏడాది తుఫాను పట్టి వనభోజనాలు ఆగిపోయాయి. వచ్చే ఏడాదికి మేం బడిలో ఉండం. అందుకని మా తరగతి వాళ్లం వారం రోజుల ముందు నుంచీ వేరే మాట మాట్లాడుకోలేదు. ఎనిమిదో తరగతి బియ్యం, తొమ్మిదో తరగతి కూరగాయలు, పదో తరగతి కొబ్బరికాయలూ, బూరెలకి బెల్లమూ శనగపప్పూ తేవాలని నోటీసు వచ్చింది. మా అమ్మ వెన్న కాచి ఒక సీసా నిండా నెయ్యి పోసిచ్చింది. సీసా మూత చుట్టూ గుడ్డ కట్టి, "ఇది మీ హెడ్మాస్టారి విస్తట్లో పడాలి. దారిలో నాకేసుకున్నావో, చూడు," అంది. నేను గట్టు మీదే మూత తీసి వాసన చూశాను. వేలు మాత్రం పెట్టలేదు. ఒక్కసారి పెట్టాను.

ఉసిరి చెట్టు కింద తింటేనే వనభోజనం. లంకలో ఉసిరి లేదు. మా హెడ్మాస్టారు ఏటా కడియం వెళ్లి, ఒక ఉసిరి మొక్క కొని, వేళ్లకి తడి గడ్డి చుట్టి, సైకిలు వెనక కట్టుకుని తెచ్చేవారు. లంకలో నాటేవారు. దానికి బొట్టు పెట్టి దాని ముందు విస్తళ్లు వేసేవాళ్లం. మళ్లీ వానాకాలంలో వరదొచ్చి దాన్ని పట్టుకుపోయేది. ఆయన ఇంకో మొక్క తెచ్చేవారు. "గోదారికి ఉసిరికాయ పచ్చడంటే ఇష్టంరా," అనేవారు.

పొట్టి మనిషి. ఖద్దరు పంచె, లాల్చీ. సాంఘికశాస్త్రం చెప్పేవారు. ఏటా పదో తరగతికి మొదటి రోజున తన పుస్తకంలోంచి ఒక ఎండిపోయిన బంతిపువ్వు తీసి చూపించేవారు. ఎప్పుడో ప్రధానమంత్రి రాజమండ్రి వచ్చినప్పుడు ఆయన తెల్లవారకముందే వెళ్లి రోడ్డు పక్కన నిలబడ్డారట. ఆవిడ జీపులో నిలబడి మెళ్లో దండలు తీసి జనంలోకి విసురుతుంటే, ఒక దండ తెగి ఈ పువ్వు వచ్చి ఆయన చేతిలో పడిందట. ఊళ్లో ఆవిడ పేరెత్తితే మండిపడేవాళ్లూ ఉన్నారు. మా లెక్కల మాస్టారు వాళ్లలో ఒకరు. స్టాఫ్ రూములో వాదన వచ్చినప్పుడల్లా హెడ్మాస్టారు, "రాజకీయం సంగతి నాకు తెలీదండి. ఆ ఎండలో ఆవిడ నవ్విన నవ్వు నాకు తెలుసు," అని పుస్తకం మూసేసేవారు.

ఆ రోజు పొద్దున్న ఏడింటికి రెండు పడవల్లో బయల్దేరాం. గుండిగలూ, గరిటెలూ, కట్టెలూ ఒక పడవలో. వాటితో పాటు వంట బాబాయిగారు. ఊళ్లో ఏ పెళ్లికైనా ఆయన చెయ్యే. బక్కపల్చటి మనిషి, నడుముకి తడి పంచె, భుజాన ఎర్ర తువ్వాలు. ఆయన వండుతున్నంతసేపూ దేన్నీ రుచి చూడరు. మూత తీసి ఆవిరి వాసన చూస్తారు, "ఉప్పు చాల్లేదు," అంటారు, వేస్తారు. అందరూ తిని లేచాక, చివర్న ఒక్క విస్తరి వేసుకుని, అప్పుడే తన వంట తాను మొదటిసారి రుచి చూసేవారు. ఆ మొదటి ముద్ద పెట్టుకున్నప్పుడు ఆయన మొహం చూడటం మాకు సరదా. పరీక్ష రిజల్ట్ చూసుకుంటున్నట్టు ఉండేది.

నా పక్కన కూర్చున్నవాణ్ణి మేం కామెంటరీ అని పిలిచేవాళ్లం. వాళ్ల నాన్నది రేడియోలు బాగుచేసే షాపు. ఎక్కడ క్రికెట్టు జరిగినా వాడు మర్నాడు క్లాసులో ఇంగ్లిషులో, హిందీలో అప్పజెప్పేవాడు. ఆ రోజు మ్యాచి ఉంది. తోలు సంచిలో ఉన్న చిన్న ట్రాన్సిస్టరు ఒకటి షాపులోంచి చెప్పకుండా తెచ్చి చొక్కాలో దాచాడు. బడికి రేడియో తెస్తే లెక్కల మాస్టారి బెత్తం విరిగేదాకా ఆగేది కాదు.

లంకలో దిగగానే పొయ్యిలు తవ్వారు. ఆడపిల్లలు కొబ్బరి కోరారు. మేం కంద చెక్కి చేతులు దురదపెట్టి చింతపండు రాసుకున్నాం. పొగ, తడి ఇసక, పచ్చి అరటాకు, వేగుతున్న ఆవాలు. ఈ నాలుగు వాసనలూ కలిసి ఎక్కడైనా తగిలితే నాకు ఇప్పటికీ ఆకలేస్తుంది.

పదింటికి నేనూ కామెంటరీ అరటాకులు కోసుకొస్తామని చెప్పి తోటలోకి జారుకున్నాం. ఒక అరటి బోదె వెనక కూర్చుని చెవి దగ్గర ట్రాన్సిస్టరు పెట్టుకున్నాం. కాసేపటికి వెనక నుంచి నీడ పడింది. వంట బాబాయిగారు. ఇద్దరం బిగుసుకుపోయాం. ఆయన వంగి, గొంతు తగ్గించి, "స్కోరెంతరా?" అన్నారు.

ఆయనకీ ఆ పిచ్చి ఉందని అప్పుడే తెలిసింది. ఇంగ్లిషు రాదు, హిందీ రాదు. అంకెలు మాత్రం తెలిసేవి. అప్పటి నుంచి పావుగంటకోసారి ఆకుల వంకతో వచ్చి స్కోరు కనుక్కుని పోయేవారు. మూడోసారో నాలుగోసారో ఆయన వచ్చి నిలబడి ఉండగా రేడియోలో కామెంటరీ ఆగిపోయింది.

మాట మధ్యలో ఆగిపోయింది. మొదట బ్యాటరీ అనుకున్నాం. తరవాత సన్నగా ఏదో వాయిద్యం. ఎంతసేపటికీ అదే. మావాడు ముల్లు అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడో ఇంగ్లిషులో నాలుగు ముక్కలు దొరికాయి. వాడు వింటూ వింటూ తెల్లబోయాడు.

"ప్రధానమంత్రిని కాల్చారంట," అన్నాడు. "ఇంట్లోనే. ఆస్పత్రికి తీసుకెళ్లారంట."

"ఆస్పత్రికి తీసుకెళితే బతుకుతారు కదండీ, బాబాయిగారూ," అన్నాను నేను.

ఆయన రేడియో వంక చూస్తూ నిలబడ్డారు. వాయిద్యం మళ్లీ మొదలైంది. "ఆస్పత్రికి ఇలాంటి వాయిద్యం పెట్టర్రా," అన్నారు. "ఆపెయ్యి."

నాకు ముందు గుర్తొచ్చింది హెడ్మాస్టారి బంతిపువ్వు. వెంటనే, సిగ్గు లేకుండా, బూరెలు గుర్తొచ్చాయి. ఇళ్లలో చావు కబురు వస్తే పొయ్యి ఆర్పేస్తారు. వండినది పారబోస్తారు. హెడ్మాస్టారికి ఈ మాట తెలిసిందంటే గుండిగలన్నీ గోదాట్లోకి పోతాయి. కామెంటరీ నా మొహం చూశాడు, నేను వాడి మొహం చూశాను. ఇద్దరం ఒకే లెక్క వేసుకుంటున్నామని ఇద్దరికీ తెలిసింది.

"చెప్పాలా అండి?" అన్నాను. చెప్పొద్దనాలని ఎంత కోరుకున్నానో నాకే తెలుసు.

బాబాయిగారు తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు. "అక్కడ నూట పాతిక మంది పిల్లలు పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. తినబోయేవాడికి చావు కబురు చెప్పకూడదు. తినేవాడికి అసలు చెప్పకూడదు. ఆఖరి మనిషి చేయి కడుక్కున్నాక నేను చెబుతాను. అప్పటిదాకా మీ నోట్లో అరటాకు కుక్కుకోండి."

"మేమూ తినొచ్చా అండి?" అన్నాడు కామెంటరీ.

"పిల్లలకి మైల పట్టదు. తినండి," అని ఆకులు భుజాన వేసుకుని వెళ్లిపోయారు. రేడియోని సంచిలోంచి తీసి నా చొక్కాలోకి మార్చాం, సంచి వాడి చొక్కాలోనే ఉండిపోయింది. 

ఆ తరవాతి గంటన్నర నా జీవితంలో చాలా పొడుగైంది. హెడ్మాస్టారు ఆ రోజు ఉన్నంత ఉషారుగా నేనెప్పుడూ చూడలేదు. పిల్లలతో తాడు లాగుడు ఆడి ఇసకలో పడ్డారు. లెక్కల మాస్టారిని బలవంతంగా పాడించారు. ఉసిరి మొక్క నాటాక నన్ను పిలిచి చెంబు చేతికిచ్చి నీళ్లు పొయ్యమన్నారు. పోస్తుంటే నా మొహంలోకి చూశారు.

"ఏంట్రా, అలా ఉన్నావు?"

చెప్పేద్దామనే నోరు తెరిచాను. దూరంగా పొయ్యి దగ్గర బాబాయిగారు గరిటె పట్టుకుని నన్నే చూస్తున్నారు.

"ఆకలండి," అన్నాను.

ఆయన పకపకా నవ్వి, లెక్కల మాస్టారికేసి తిరిగి, వీడు పడిపోయేలా ఉన్నాడు, వడ్డన మొదలుపెట్టించండి అన్నారు. అలా నా అబద్ధంతో నూట పాతిక మందికి అరగంట ముందే భోజనం దొరికింది.

చిన్న తరగతులు తిన్నాక మేమూ మాస్టార్లూ కూర్చున్నాం. హెడ్మాస్టారు నాకు సరిగ్గా ఎదురుగా. మా అమ్మ నెయ్యి ఆయన బూరెకి చిల్లు పెట్టి అందులో పోశాను. కళ్లు మూసుకుని తిన్నారు. "ఎవరింటిదిరా ఇది? మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు," అన్నారు. కందబచ్చలి కూరలో ఆవ ఘాటు ముక్కుకెక్కి అందరికీ కళ్లనీళ్లు వచ్చాయి. నాకు వచ్చిన నీళ్లు ఆవవేనని పక్కవాళ్లనుకున్నారు. నేను నాలుగు బూరెలతో ఆపేశాను. కామెంటరీ పదకొండు తిన్నాడు. తరవాత అడిగితే, భయం వేస్తే నాకు ఆకలెక్కువ అన్నాడు.

అందరూ లేచారు. అప్పుడు బాబాయిగారు నీళ్ల చెంబు పట్టుకుని హెడ్మాస్టారి దగ్గరికి వెళ్లారు. ఆయన వద్దంటున్నా వినకుండా చేతుల మీద నీళ్లు పోశారు. చెంబు ఖాళీ అయ్యేదాకా పోశారు. తన తువ్వాలు ఇచ్చారు. ఆయన తుడుచుకున్నాక అప్పుడు చెప్పారు.

"ఢిల్లీలో అమ్మగారిని కాల్చారటండి. పోయినట్టే ఉందండి."

హెడ్మాస్టారు తువ్వాలు అలాగే పట్టుకుని నిలబడ్డారు. ఎలా తెలిసిందని అడిగారు. తోటలో ఎవరి దగ్గరో రేడియో ఉంటే విన్నానని బాబాయిగారు చెప్పారు. ఎప్పుడని అడిగారు. పొద్దున్నే అన్నారు. నేనూ కామెంటరీ ఇసకలోకి చూస్తూ నిలబడ్డాం. బాబాయిగారు మా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

హెడ్మాస్టారు లాల్చీ విప్పి నా చేతికిచ్చి రేవు వైపు నడిచారు. లంక ఒడ్డున ఆ రోజుల్లో మోకాలి లోతు నీళ్లు. వెళ్లి అందులో కూర్చున్నారు. చావు కబురు విన్నాక చేసే స్నానం అది.

లెక్కల మాస్టారు నెమ్మదిగా, "ఆవిడ మనకి ఏ వరసని స్నానం చెయ్యాలండి?" అని బాబాయిగారిని అడిగారు. వెటకారం కాదు. ఆయన లెక్కల మనిషి, లెక్క కావాలి.

బాబాయిగారు చెంబు కింద పెట్టారు. "చూసినవాళ్లకి ఒక స్నానం. చూడనివాళ్లు కాళ్లు కడుక్కుంటే చాలండి," అన్నారు. ఏ శాస్త్రంలో ఉందో ఆయనకే తెలియాలి.

ఆ మాట పిల్లల చెవిన పడింది. గోదాట్లో దిగనివ్వమని పొద్దుటి నుంచీ బతిమాలుతున్న వాళ్లు. ముందు ఒక ఆరో తరగతి కుర్రాడు చెయ్యెత్తాడు.

"నేను చూశానండి. మా నాన్న భుజం మీద కూర్చుని."

"నేనూ చూశానండి, రాజమండ్రిలో."

"మా అమ్మ చూసిందండి. నేను అప్పుడు కడుపులో ఉన్నానండి."

నిమిషంలో బడి మొత్తం ఆవిణ్ణి చూసేసింది. నేనూ కామెంటరీ రేడియోనీ సంచీనీ అరటి బోదె వెనక దాచి పరిగెత్తాం. లెక్కల మాస్టారు బెత్తం వెతుక్కునే లోపల నూట పాతిక మందీ నీళ్లలో ఉన్నారు. మొదట కాస్త బుద్ధిగానే మునిగారు. ఎవరో ఎవరి మీదో నీళ్లు కొట్టారు. ఇంకేముంది, గోదావరి గోలెత్తిపోయింది. లెక్కల మాస్టారు ఒడ్డున నిలబడి అరిచారు. హెడ్మాస్టారు నీళ్లలోంచే చెయ్యెత్తి ఆయన్ని ఆపారు. "ఉండనివ్వండి మాస్టారూ. వాళ్లకేం తెలుసు," అన్నారు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. చుట్టూ పిల్లలు కేరింతలు కొడుతున్నారు. ఆ తరవాత లెక్కల మాస్టారు కూడా చెప్పులు విప్పి, పంచె పైకి కట్టి, వెళ్లి ఆయన పక్కన మునిగారు. ఆయన ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదని మా అందరికీ తెలుసు.

దేశమంతా తలుపులు వేసుకున్న ఆ రోజు నేను గోదాట్లో మునకలేశాను. ఆ నీళ్ల చల్లదనం, ఆ వెలుగు ఎంత హాయిగా ఉన్నాయో దాచి చెప్పడం నాకు చేతకాదు.

నాలుగింటికి పడవ వచ్చింది. ఊళ్లో షాపులన్నీ కట్టేశారని, బస్సులు ఆగాయని, అమ్మ పోయిందని అనుకుంటున్నారని పడవవాడు చెప్పాడు. తిరుగు పడవ ఎక్కాం. తడి బట్టలతో వణుకుతున్నాం. సగం దూరం వచ్చాక హెడ్మాస్టారు ఉన్నట్టుండి, "మీరు భోంచేశారా అండి?" అని బాబాయిగారిని అడిగారు.

"నాకు ముందే తెలిసింది కదండి. ఎలా తింటాను?" అన్నారాయన. మిగిలినదంతా లంక ఇళ్లవాళ్లకి పంచేసి, గుండిగలు కడిగాక ఆయనా మునిగి వచ్చారట. అంత వంట చేసి ఆ పూట ఆయన ఉప్పెలా కుదిరిందో కూడా చూసుకోలేదు.

"స్నానం చేశారుగా, ఇప్పుడు తినొచ్చుగా," అన్నారు హెడ్మాస్టారు. కానీ పడవలో ఏముంది? ఖాళీ గుండిగలు. అప్పుడు కామెంటరీ లేచాడు. చొక్కా లోపలి నుంచి తోలు సంచి తీశాడు. రేడియో నా దగ్గరే ఉంది. సంచిలో వాళ్ల చెల్లెలి కోసం దాచిన రెండు బూరెలు. నెయ్యి కారి తోలంతా నల్లబడింది. వాడు వాటిని బాబాయిగారి ముందు పెట్టాడు.

ఆయన గోదావరి వైపు తిరిగి కూర్చుని ఒకటి తిన్నారు. పరీక్ష రిజల్ట్ చూసుకునే మొహం నాకు కనపడలేదు. "ఏలక్కాయి ఎక్కువైంది," అన్నారు, అంతే. రెండోది పడవవాడికి ఇచ్చారు. హెడ్మాస్టారు ఆ తోలు సంచి వంక చాలాసేపు చూశారు. ఏమీ అడగలేదు. అడుగుతారేమోనని పదో తరగతి అయిపోయేదాకా నేను ఆయన గది ముందు నుంచి నడవలేదు.

తరవాత నేను పత్రికలో చేరాను. అందరికంటే ముందు వార్త అందించడమే ఉద్యోగం. నిమిషం ఆలస్యమైతే తిట్లు తిన్నాను, ఇంకొకరిని తిట్టాను. చేతికి అందిన మొట్టమొదటి పెద్ద వార్తని బూరెల కోసం తొక్కిపెట్టినవాణ్ణని అక్కడెవరికీ చెప్పలేదు. అది తప్పో ఒప్పో తేల్చుకోలేక హెడ్మాస్టారికీ చెప్పలేదు. ఊరు వెళ్లినప్పుడల్లా ఆయన్ని చూసేవాణ్ణి. ప్రతిసారీ నాలిక చివరిదాకా వచ్చి ఆగేది.

ఒకసారి సెలవు మీద వెళ్లి ఉండగా పొద్దున్న వంట బాబాయిగారు పోయారు. హెడ్మాస్టారు అప్పటికి రిటైరై పక్క ఊళ్లో ఉంటున్నారు. కబురు నేను చెబుతానని సైకిలు తీసుకుని వెళ్లాను. అప్పుడే ఆయన భోజనానికి కూర్చున్నారని వాళ్ల ఆవిడ చెప్పారు. లోపలికి రమ్మన్నారు. పర్వాలేదండి అని అరుగు మీద కూర్చున్నాను. లోపల ఆయన మజ్జిగ పోయించుకుంటున్న చప్పుడు వినిపించింది. పెరట్లో చేయి కడుక్కున్న చప్పుడు కూడా విన్నాక లేచి నిలబడ్డాను.

ఆయన తువ్వాలుతో చేయి తుడుచుకుంటూ వచ్చి నా మొహంలోకి చూశారు. గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఆకలా?" అన్నారు.

నేను తల దించుకున్నాను.

"మీ బాబాయిగారికి ఇంగ్లిషు రాదని నాకు తెలీదంట్రా? బూరెలు రేడియో సంచిలో పెట్టిందెవరో నేను చూడలేదా?" అన్నారు. కోపం లేదు. "ఆ రోజు అంత బాగా తిన్నాను. మళ్లీ అంత బాగా ఎప్పుడూ తినలేదు. సరే, భోంచేశాను. ఇప్పుడు చెప్పు."

చెప్పాను. కాసేపు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. తరవాత పెరట్లోకి నడిచారు. నూతి దగ్గర ఆయన తోడుతున్న చప్పుడు విని వెనకే వెళ్లాను. రెండు బకెట్లు నింపారు. ఒకటి తన ముందు పెట్టుకుని, రెండోది నా వైపు జరిపారు.

"చూసినవాళ్లకి ఒక స్నానం," అన్నారు. "చేసి రా. ఈసారైనా ముందే తెలిసినవాడికి కడుపు నిండా పెడతాను."

తలంటా తడిసి వచ్చేసరికి విస్తరి వేసి ఉంది. వాళ్ల ఆవిణ్ణి వద్దని ఆయనే వడ్డించారు. అన్నం, పప్పు, ఉసిరికాయ పచ్చడి. నేను తింటున్నంతసేపూ ఎదురుగా పీట మీద కూర్చున్నారు. నేను చేయి కడుక్కుని వచ్చాక తువ్వాలు అందించారు. అప్పుడు ఇద్దరం ఒకే సైకిలు మీద బాబాయిగారి ఇంటికి బయల్దేరాం.